సిస్టం రిజెక్ట్ చేసిందంటే నమ్మకండి

అందరికీ నమస్కారమండి. బెంగళూరు మారతహళ్ళి పీజీల్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్న మనవాళ్ళే ఇవాళ ఎక్కువమంది వచ్చారన్నారు, అందుకే నేరుగా విషయంలోకి వస్తాను. నేను చాలా ఏళ్ళుగా హైరింగ్ వైపే పనిచేస్తున్నా, మీకు కనపడని మా వైపు స్క్రీన్‌లో ఏం జరుగుతుందో రోజూ చూస్తుంటాను.

"అక్కా, అప్లై చేసిన కాసేపటికే రిజెక్ట్ మెయిల్ వచ్చేసింది, ఏఐ తీసేసింది" అని చాలామంది మెసేజ్ పెడతారు. అంత తొందరగా వచ్చిందంటే మనిషి చూడలేదు, అది నిజమే. కానీ చాలాసార్లు అక్కడ పెద్ద ఏఐ కూడా ఏమీ ఉండదు. ఫారంలో ప్రశ్నలు ఉంటాయి కదా, నోటీస్ పీరియడ్ (పాత ఉద్యోగం వదలడానికి పట్టే గడువు) ఎంత, ఏ సంవత్సరం పాసయ్యారు, బ్యాక్‌లాగ్స్ ఉన్నాయా, టెన్త్ ఇంటర్ బీటెక్ మూడింట్లోనూ 60 శాతం దాటిందా అని, వాటిలో ఒక్కటి తేడా వచ్చినా అప్లికేషన్ పక్కకి పోయేలా ఎవరో ముందే సెట్ చేసి పెట్టారు. ఆ ఎవరో ఒక మనిషి, ఒక హైరింగ్ మేనేజరో రిక్రూటరో. సిస్టం రిజెక్ట్ చేసింది అనేస్తే ఆ మనిషి జవాబు చెప్పాల్సిన పని లేకుండా పోతుంది, నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఒకటి చెప్తా, మన తెలుగు పిల్లలకే ఎక్కువ తగిలేది. మన టెన్త్‌లో కొన్నేళ్ళు మార్కులు కాకుండా గ్రేడ్ పాయింట్లు ఇచ్చారు, గుర్తుందా? ఒకమ్మాయికి 9.2 వచ్చింది, బాగా చదివే పిల్ల. ఫారంలో పర్సెంటేజ్ అని డబ్బా ఉంది, మెమోలో ఉన్నది ఉన్నట్టు 9.2 అని కొట్టింది. కటాఫ్ 60. అంతే, 9.2 శాతం వచ్చిన పిల్ల కింద లెక్కేసి ఆ ఫిల్టర్ తీసేసింది, ఎవరూ మెమో తెరిచి చూడలేదు. ఆ ఫారం తయారుచేసినవాళ్ళకి గ్రేడ్ పాయింట్లు అని ఒకటుంటాయని తట్టనే లేదు. తప్పు ఆ పిల్లది కాదు కదా! మీరు మాత్రం అలాంటి డబ్బా కనపడితే బోర్డు చెప్పిన పద్ధతిలో శాతంలోకి మార్చి రాయండి, మెమో దగ్గర పెట్టుకోండి.

రెజ్యూమె సంగతి కూడా అంతే. రెండు కాలమ్స్, స్కిల్స్ పక్కన స్టార్లు, ఫోన్ నంబర్ పైన హెడర్‌లో, చూడ్డానికి భలే ఉంటుంది. కానీ కంపెనీలు వాడే ఏటీఎస్, అంటే అప్లికేషన్లు తీసుకుని జల్లెడ పట్టే సాఫ్ట్‌వేర్, ముందు ఆ ఫైల్‌లోంచి అక్షరాలు లాగి తన డబ్బాల్లో పోసుకుంటుంది, రెండు కాలమ్స్ ఉంటే కొన్ని టూల్స్ ఒకే లైన్‌గా చదివేస్తాయి, అప్పుడు మీ కాలేజీ పేరు మధ్యలో జావా వచ్చి కూర్చుంటుంది, హెడర్‌లో ఉన్న నంబర్ ఒక్కోసారి అసలు రాదు. మామూలు ఒకే కాలమ్, వర్డ్ ఫైలో అక్షరాలు సెలెక్ట్ అయ్యే పీడీఎఫో చాలు.

నౌకరీ లాంటి ఉద్యోగాల సైట్లలో మేం మిమ్మల్ని వెతికేది వేరే. అక్కడ ఒక్కో రెజ్యూమె చదువుతూ కూర్చోం, కీవర్డ్, అనుభవం, జీతం, ఊరు, నోటీస్ పీరియడ్, ఈమధ్య ఎప్పుడు లాగిన్ అయ్యారు అని ఫిల్టర్లు పెడతాం, వేలల్లోంచి వందల్లోకి దిగుతుంది, అందులో పైన కనపడినవాళ్ళకే ఫోన్ వెళ్తుంది. అందుకే తరచూ లాగిన్ అవ్వండి, నిజంగా పనిచేసిన టూల్ పేరు పూర్తిగా రాయండి. రానివి మాత్రం రాయకండి, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఇక ఆన్‌లైన్ టెస్టులు. కెమెరా ఆన్‌లో పెట్టి రాయాలి. నలుగురున్న పీజీ రూంలో రాస్తుంటే వెనక నుంచి రూంమేట్ తువ్వాలు తీసుకోడానికి వెళ్తాడు, సిస్టం 'ఇంకో మనిషి కనిపించాడు' అని ఫ్లాగ్, అంటే అనుమానం గుర్తు, వేస్తుంది. సొంత గది ఉన్న పిల్లాడికి ఆ బాధ లేదు. అంటే టెస్టు కోడింగ్‌తో పాటు గదిని కూడా కొలుస్తోంది. ఆ ఫ్లాగ్ పడ్డ వీడియోని ఒక మనిషి చూసి తీరాలి, నా వాదన అదే.

నిజంగా ఏఐ వాడిన చోట ఏమైందో కూడా చూడండి. అమెజాన్ 2014లో రెజ్యూమెలకి మార్కులేసే టూల్ కట్టడం మొదలుపెట్టింది, అంతకుముందు పదేళ్ళలో వచ్చిన రెజ్యూమెలతో దానికి నేర్పించారు, అవి ఎక్కువగా మగవాళ్ళవి. దాంతో ఉమెన్స్ అనే మాట కనపడితే అది మార్కులు తగ్గించడం మొదలుపెట్టింది, ఈ సంగతి 2018లో రాయిటర్స్ బయటపెట్టింది, అప్పటికే కంపెనీ దాన్ని ఆపేసింది. తిరుపతి పద్మావతి మహిళా యూనివర్సిటీలో చదివిన అమ్మాయి రెజ్యూమె అలాంటిదాని చేతికి దొరికితే ఏంటి పరిస్థితి, ఆలోచించండి.

న్యూయార్క్ సిటీలో 2023 జూలై నుంచి ఇలాంటి టూల్ వాడాలంటే అది పక్షపాతం చూపిస్తోందా అని బయటివాళ్ళతో ఆడిట్ చేయించాలి, అభ్యర్థికి ముందే చెప్పాలి. యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన ఏఐ చట్టంలో హైరింగ్ టూల్స్‌ని హై రిస్క్ జాబితాలో పెట్టారు. మన డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది, మన సమాచారం గురించి అడిగే హక్కులు అందులో ఉన్నాయి, కానీ మెషీన్ ఎందుకు తీసేసిందో కారణం చెప్పాలన్న మాట లేదు. ఇదే కర్ణాటకలో గిగ్ వర్కర్ల (యాప్‌ల ద్వారా డెలివరీ లాంటి పనులు చేసేవాళ్ళ) కోసం 2025లో తెచ్చిన చట్టంలో, యాప్ తనంతట తాను ఎలా నిర్ణయాలు తీసుకుంటుందో పనిచేసేవాళ్ళకి చెప్పాలని ఉంది. డెలివరీ తమ్ముడికి దక్కిన ఆ హక్కు ఆఫీసు ఉద్యోగానికి అప్లై చేసేవాళ్ళకి కూడా దక్కాలి, అడగాలి మనం.

ఈ హాల్లో టీమ్ లీడ్లు, మేనేజర్లు కూడా ఉన్నారు, మీకో పని. రేపు ఆఫీసుకెళ్ళి మీ ఓపెనింగ్‌కి ఏ ఫిల్టర్లు పెట్టారో హెచ్ఆర్‌ని అడగండి. ఏ ఫిల్టర్ ఎంతమందిని తీసేసిందో లెక్క తెప్పించుకోండి, అలా పోయిన రెజ్యూమెల్లోంచి ఓ ఇరవై మీరే తెరిచి చదవండి. పాసైన సంవత్సరం ఫిల్టర్‌తో మొదలుపెట్టండి, ఒక బ్యాచ్ బ్యాచ్ మొత్తం అందులోనే కొట్టుకుపోతోంది.

సరే, ఇప్పుడు మీ ప్రశ్నలు. రెజ్యూమె ప్రింట్ తెచ్చినవాళ్ళు ముందుకి రండి, కూర్చుని చూద్దాం.