రొమ్ము క్యాన్సర్ అని తేలాక బరంపురం నుంచి ఎటు వెళ్లాలి?

నమస్కారం. మా వదిన రొమ్ములో ఉన్న గడ్డ క్యాన్సరేనని బయాప్సీ రిపోర్టు వచ్చిన సాయంత్రం ఆమె అడిగిన మొదటి మాట, 'అత్తయ్యకు ఎవరు చెబుతారు?' అని. ఎక్కడ చూపించుకోవాలన్న ప్రశ్న ఆమె అడగలేదు, మిగిలిన ఇల్లంతా అదే అడిగింది. మేనమామ విశాఖపట్నం అన్నారు, పెద్దన్నయ్య కటక్ అన్నాడు, ఒకరు భువనేశ్వర్ ఎయిమ్స్ పేరు, మరొకరు ముంబయి టాటా పేరు చెప్పారు. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు బరంపురం, పర్లాకిమిడి ఇటువైపు వచ్చాయి కానీ మన చుట్టరికాలు చాలావరకు అటువైపే ఉండిపోయాయి కనుక, మన ఇళ్లలో ఈ చర్చ ఎప్పుడూ రెండు రాష్ట్రాల మధ్య ఊగుతూనే ఉంటుంది.

ఆ రోజు అందరూ ఆసుపత్రుల పేర్లే చెప్పారు తప్ప, ఈ చికిత్సకు ఎన్నిసార్లు వెళ్లిరావాలో ఒక్కరూ చెప్పలేదు. నా ఉద్దేశంలో లెక్క అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఆపరేషన్‌కు కొన్ని రోజులు ఉంటే సరిపోతుంది కాబట్టి దూరమైనా ఫరవాలేదు. కీమోథెరపీ చాలామందికి మూడు వారాలకొకసారి ఉంటుంది, తరచుగా ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. రేడియేషన్ మాత్రం అలా కాదు. అది ఇచ్చేది కొద్ది నిమిషాలే అయినా, వారానికి ఐదు రోజుల చొప్పున సాధారణంగా మూడు వారాలు, కొందరికి అంతకన్నా ఎక్కువ, రోజూ ఆ యంత్రం దగ్గరికి వెళ్లవలసిందే. విశాఖలో బంధువుల ఇల్లు ఉందా, కటక్‌లో గది అద్దెకు తీసుకోగలమా అన్న ప్రశ్న నిజానికి ఈ మూడు వారాల గురించినది.

ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పాలి. గడ్డ వరకే తీసి రొమ్మును నిలిపే ఆపరేషన్ చేసినప్పుడు దాదాపు అందరికీ రేడియేషన్ అవసరమవుతుంది. యంత్రం దూరమన్న ఒక్క కారణంతో మన వైపు ఆడవాళ్లు కొందరు 'రొమ్ము మొత్తం తీసేయండి' అని ఒప్పేసుకుంటారు. తొలి దశ క్యాన్సర్‌లో ఈ రెండు పద్ధతుల మధ్య ప్రాణాలు నిలిచే విషయంలో తేడా లేదని, 20 ఏళ్ల పాటు రోగులను గమనించిన అధ్యయనాలు 2002లోనే తేల్చాయి. మొత్తం తీయించుకోవడం తప్పు కాదు, కొందరికి అదే సరైనది. రైలు టికెట్టును చూసి మాత్రం ఆ నిర్ణయం తీసుకోకూడదు.

మేము చివరకు విశాఖ దగ్గర అగనంపూడిలో ఉన్న హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లాం. అది ముంబయి టాటా మెమోరియల్ సెంటర్‌కు చెందినదే, దువ్వాడ స్టేషన్‌కు దగ్గర. కటక్‌లోని ఆచార్య హరిహర క్యాన్సర్ సంస్థ కూడా మాకు అందుబాటులోనే ఉంది. వదినకు ఒడియా వచ్చు, బజారులో బేరమాడేంత బాగా వచ్చు, కానీ తన ఒంటి గురించి, ఆ బాధ గురించి చెప్పుకోవలసి వచ్చినప్పుడు ఆమె నోట తెలుగే వస్తుంది. ఆసుపత్రిని ఎంచుకోవడానికి ఇది చిన్న కారణమని నేను అనుకోను.

ఇక డబ్బు సంగతి. ఆంధ్రలోని ఎన్టీఆర్ వైద్యసేవ ఆ రాష్ట్రం వాళ్లకే కనుక మన కార్డు అక్కడ చెల్లదు. కేంద్ర ఆరోగ్య పథకం ఆయుష్మాన్ భారత్ మాత్రం, కార్డు ఏ రాష్ట్రంలో తీసుకున్నా, ఆ పథకంలో చేరిన ఆసుపత్రి దేశంలో ఎక్కడున్నా పనిచేస్తుంది. ఒడిశాలో అది 2025లో అమలులోకి వచ్చింది. బయలుదేరే ముందే ఆ ఆసుపత్రి ఆ జాబితాలో ఉందో లేదో, మీ చికిత్స దాని కిందికి వస్తుందో లేదో ఫోన్ చేసి తెలుసుకోండి.

మేము నష్టపోయింది డబ్బు దగ్గర కాదు, ఒక మైనపు ముక్క దగ్గర. బయాప్సీలో తీసిన కండను మైనంలో పోసి, చిన్న బ్లాకుగా చేసి దాచుతారు. దాని మీదే ఈఆర్, పీఆర్ (క్యాన్సర్ కణాలు హార్మోన్లకు స్పందిస్తాయో లేదో చూసేవి), హెర్-2 (ఒక ప్రోటీన్ ఎక్కువగా ఉందో లేదో చూసేది) పరీక్షలు చేస్తారు. హార్మోన్ మాత్రలు పనిచేస్తాయా, హెర్-2 ఇంజెక్షన్ కావాలా అన్నది వాటిని బట్టే తెలుస్తుంది. మాకు మొదట చూసిన నర్సింగ్ హోమ్ వాళ్లు ఆ పరీక్షలు చేయించలేదు, బ్లాకు అడిగి తీసుకోవాలని మాకు చెప్పనూ లేదు. అగనంపూడిలో డాక్టరుగారు 'బ్లాకు, స్లైడ్లు ఏవమ్మా?' అని అడిగితే ముఖాలు చూసుకున్నాం. అన్నయ్య రాత్రి రైలెక్కి వెనక్కి వచ్చి, రెండు రోజులు కౌంటరు ముందు నిలబడి, పేరు రాసిన చిన్న ప్లాస్టిక్ సంచిలో ఆ ముక్కను పట్టుకొచ్చాడు. పది రోజులు పోయాయి. నిర్ణయానికి ఒకటి రెండు వారాలు పడితే కంగారు పడనక్కర లేదు, అయితే ఆ వారాలు ఇలా పోకూడదు.

ఇంట్లో అందరికన్నా ఎక్కువ భయపడింది వదిన కూతురి పెళ్లి సంబంధాల గురించి. వంశంలో ఉందని తెలిస్తే ఎవరు ముందుకొస్తారని, విషయం బయటికి పొక్కకుండా చూడాలని అనుకున్నారు. రొమ్ము క్యాన్సర్లలో వారసత్వంగా వచ్చేవి నూటికి ఐదు నుంచి పది వరకే ఉంటాయని డాక్టరుగారు వివరించాక, అత్తయ్యే స్వయంగా పక్కింటివాళ్లకు చెప్పింది. ఆ తరువాతే వదిన రాత్రిళ్లు నిద్రపోయింది.

కీమో మొదలయ్యాక మేము పాటించిన జాగ్రత్త ఒకటుంది. ఇంట్లో థర్మామీటరు పెట్టుకుని, జ్వరం 100.4 ఫారన్‌హీట్ చేరగానే, అర్ధరాత్రి అయినా సరే, పారాసిటమాల్ వేసుకుని తెల్లవారేదాకా చూద్దామని ఆగిపోకుండా, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఎందుకంటే ఆ రోజుల్లో ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలు పడిపోయి ఉంటాయి. అందుకే చికిత్స విశాఖలో జరిగినా, బరంపురంలో ఆ రాత్రి చేర్చుకునే ఆసుపత్రి ఏదో ముందే మాట్లాడి పెట్టుకున్నాం. రెండో కీమో తరువాత ఒక రాత్రి రెండు గంటలకు అది అవసరమైంది.

వదిన ఇప్పుడు రోజూ రాత్రి టామాక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర వేసుకుంటోంది. ఫైలును బరంపురం పట్టుచీర కొన్నప్పుడు వచ్చిన పెట్టెలో, రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టి, బీరువాలో చీరల పక్కనే ఉంచింది.