తొమ్మిదేళ్ళ నిచ్చెన
(మినియాపొలిస్‌లో తెలుగువారి సాహిత్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

రివర్‌సైడ్ ఎవెన్యూ మీద కారులో పోయేటప్పుడు ఆగ్స్‌బర్గ్ యూనివర్సిటీ బోర్డు మీరంతా చూసే ఉంటారు. నేనైతే చాలా ఏళ్ళు దాన్ని జర్మన్లు పెట్టిన కాలేజీ అనుకున్నాను. పేరు జర్మనీ ఊరిదే. 1530లో క్రైస్తవ సంస్కర్త మార్టిన్ లూథర్ అనుచరులు, అంటే లూథరన్లు, తమ విశ్వాస ప్రకటనను చక్రవర్తి ముందు పెట్టింది ఆ ఊళ్ళోనే. ఇక్కడ బడి పెట్టినవాళ్ళు మాత్రం నార్వే నుంచి వచ్చిన రైతులు, వాళ్ళ పాస్టర్లు. 1869లో విస్కాన్సిన్‌లో మార్షల్ అనే చిన్న ఊళ్ళో మొదలుపెట్టి, 1872లో మినియాపొలిస్‌కి తెచ్చారు.

లూథరన్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది గుంటూరు. మాది ఆ వైపే. 1842 జులై 31న గుంటూరులో అడుగుపెట్టి బడులు పెట్టిన హేయర్ దొర పేరు మా పెద్దవాళ్ళ నోట విన్నదే. ఆయన తర్వాత ఈ రాష్ట్రానికే వచ్చి, 1860లో మినెసోటా సినడ్‌కి, అంటే ఇక్కడి లూథరన్ చర్చిల సమాఖ్యకి, మొదటి అధ్యక్షుడయ్యారని ఇక్కడికొచ్చాక తెలిసింది. అక్కడితో ఊరుకున్నారా, 76 ఏళ్ళ వయసులో మళ్ళీ ఓడెక్కి రాజమండ్రి వెళ్ళారు! ఆయన కథ ఇంకోసారి చెప్పుకుందాం. ఈరోజు నేను తెచ్చింది ఆగ్స్‌బర్గ్ చదువుల టైంటేబుల్ కథ.

సెమినరీ అంటే పాస్టర్లను తయారుచేసే చోటు. అకాడమీ అంటే ఇంచుమించు హైస్కూలు. ఆగ్స్‌బర్గ్‌లో ఈ రెండూ ఒక కప్పు కింద ఎందుకున్నాయి? 1900 ప్రాంతంలో ఇక్కడి పల్లెల్లో హైస్కూళ్ళు తక్కువ. గోధుమ చేలో పనిచేసే కుర్రాణ్ణి తీసుకొచ్చి నేరుగా గ్రీకు బైబిల్ ముందు కూర్చోబెడితే ఏమవుతుంది? అందుకని కింద అకాడమీ, మధ్యలో కాలేజీ, పైన సెమినరీలో వేదాంతం, అంటే క్రైస్తవ మతశాస్త్రం. మొత్తం తొమ్మిదేళ్ళ చదువు. నార్వేజియన్ అకాడమీలు కొన్ని బతుకుతెరువు కోసం పద్దులు రాయడం, టైపు కూడా నేర్పేవి. మూర్‌హెడ్‌లో 1891లో పెట్టిన కాంకార్డియా అలాంటిదే.

జర్మన్ లూథరన్లలో మిస్సోరీ సినడ్ వాళ్ళ నిచ్చెన వేరు. వాళ్ళది జర్మనీ పద్ధతి, ఆరు తరగతులు. అన్నిటికన్నా కింది తరగతి పేరు సెక్స్‌టా, అంటే ఆరోది. అన్నిటికన్నా పైది ప్రీమా, అంటే ఒకటోది. ‘మావాడు ఆరు నుంచి ఒకటికి పాసయ్యాడు’ అని చెప్పుకోవాలన్నమాట. లాటిన్ మొదటి మెట్టు మీదే మొదలయ్యేది, కొంత పైకెళ్ళాక గ్రీకు, చివర్లో హీబ్రూ. ఆ తర్వాత సెయింట్ లూయీ సెమినరీలో మూడేళ్ళు. సిద్ధాంతం పాఠానికి పుస్తకం కూడా లాటిన్లోదే. అమరం, పంచకావ్యాలు పూర్తిచేస్తే గాని శాస్త్రం జోలికి పోనివ్వని మన పాత గురువులు గుర్తొస్తున్నారు కదా?

ఆగ్స్‌బర్గ్‌లో గియోర్గ్ స్వెర్‌డ్రుప్ దీనికి ఎదురు తిరిగాడు. 1876 నుంచి 1907లో పోయేదాకా అధ్యక్షుడు ఆయనే. పల్లెటూరి బైతు కాదు. సొంత బాబాయి యోహాన్ స్వెర్‌డ్రుప్ 1884లో నార్వే ప్రధానమంత్రి అయ్యాడు. అంత ఇంటినుంచి వచ్చినవాడు అన్నదేమిటంటే, లాటిన్ కవుల్ని బట్టీపట్టి ఊరికెళ్ళిన పాస్టరు దొరలాగా నిలబడతాడు, రైతు అతనికి దణ్ణం పెట్టి దూరంగా పోతాడు అని. సంఘం స్వేచ్ఛగా, సజీవంగా ఉండాలంటే దాని కాపరి ఆ జనంలో మనిషిగానే మిగలాలి. కాబట్టి లాటిన్ తగ్గించు, బైబిల్లో కొత్త నిబంధన కోసం గ్రీకు గట్టిగా చెప్పు, చరిత్ర చెప్పు, నార్వేజియన్ చెప్పు. నాకు ఈ వాదన నచ్చుతుంది. కానీ ఇందులో ఒక చిక్కుంది. తొమ్మిదేళ్ళూ ఒకే గోడల మధ్య, ఒకే అయ్యవార్ల దగ్గర పెరిగిన కుర్రాడికి బయటి గాలి ఎప్పుడు తగలాలి?

ఈ నిచ్చెన కోసం పెద్ద గొడవే జరిగింది. 1890లో మూడు నార్వేజియన్ శాఖలు కలిసి ఒక చర్చి అయ్యాయి. సెమినరీ ఆగ్స్‌బర్గ్‌లోనే అన్నారు, కాలేజీ మాత్రం నార్త్‌ఫీల్డ్‌లోని సెయింట్ ఓలాఫ్ అన్నారు. అంటే నిచ్చెనలో మధ్య మెట్లు పీకేసినట్టే. స్వెర్‌డ్రుప్, ఆయన స్నేహితుడు స్వెన్ ఓఫ్టెడాల్ ఒప్పుకోలేదు. ఆస్తి ఎవరిదని కోర్టులకెక్కారు. 1897లో విడిపోయి లూథరన్ ఫ్రీ చర్చి పెట్టుకున్నారు. చదువుల క్రమం మీద చర్చి చీలడం మనకి వింతగా ఉంటుంది గాని, మీడియం ఇంగ్లీషా తెలుగా అని మనం పోట్లాడుకోలేదూ!

భాష సంగతి మరీ ముఖ్యం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పైన వేదాంతం పాఠాలు నార్వేజియన్‌లోనే నడిచేవి. ఆదివారం ప్రసంగం చేయాల్సింది ఆ భాషలోనే మరి. లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం పిల్లలకు వల్లె వేయించాల్సిందీ ఆ భాషలోనే. మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది, పరాయి భాష అంటే అనుమానం మొదలైంది. పక్క రాష్ట్రం అయోవాలో 1918లో గవర్నరు బహిరంగ స్థలాల్లో, ఫోన్లో, చివరికి గుళ్ళో కూడా ఇంగ్లీషు తప్ప మరోటి వినపడకూడదన్నాడు. నెబ్రాస్కాలో ఒక లూథరన్ బడి పంతులు, రాబర్ట్ మేయర్, పదేళ్ళ పిల్లాడికి జర్మన్ చదవడం నేర్పినందుకు ఆయనకి 25 డాలర్ల జరిమానా వేశారు. ఆయన సుప్రీంకోర్టుదాకా వెళ్ళి 1923లో గెలిచాడు. మనం ఆదివారాలు పిల్లల్ని కూర్చోబెట్టి ‘అమ్మ, ఆవు’ దిద్దిస్తున్నాం. ఆ తీర్పు మన పక్షాన కూడా ఉంది.

కోర్టులో గెలిచినా ఇంట్లో పిల్లలు ఇంగ్లీషుకి మారిపోయారు. ఆగ్స్‌బర్గ్‌లో నార్వేజియన్ మెల్లగా నలుగురితో పాటు నారాయణ అన్నట్టు ఒక సబ్జెక్టుగా మిగిలింది. 1920ల మొదట్లో ఆడపిల్లల్ని చేర్చుకున్నారు. సెయింట్ ఓలాఫ్‌లో మొదటినుంచీ ఉన్నారు, వీళ్ళకి అర్ధశతాబ్దం పట్టింది. పాస్టరు కావాలని కాక, టీచరో ఇంకేదో కావాలని వచ్చేవాళ్ళు పెరిగారు. ఊరూరా హైస్కూళ్ళు వచ్చాక అకాడమీకి పిల్లలు రాలేదు, 1933లో మూసేశారు. 1963లో సెమినరీ కూడా సెయింట్ పాల్‌లోని లూథర్ సెమినరీలో కలిసిపోయింది. ఏ మధ్య మెట్ల కోసం స్వెర్‌డ్రుప్ కోర్టుకెక్కాడో, ఆ కాలేజీయే ఇవాళ మిగిలింది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కట్టిన ఆగ్స్‌బర్గ్ ఓల్డ్ మెయిన్ భవనం ఇంకా ఉంది. వీలున్నవాళ్ళు వచ్చే శనివారం నాతో రండి, చూద్దాం. ఒకప్పుడు నార్వే, స్వీడన్ మాటలు వినపడిన ఆ పేటలో ఇప్పుడు సోమాలీ వినపడుతుంది. చూశాక అక్కడే టీ తాగుదాం. తోడుగా సోమాలీవాళ్ళ సంబూసా, మన సమోసాకి దగ్గర చుట్టం.