శాతం సరే, దేని మీద శాతం?

అధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, పని మానుకుని వచ్చి కూర్చున్న మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా పలకరించడం మర్యాదే కానీ, నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది. క్షమించండి, నేరుగా విషయంలోకి వస్తున్నాను.

పెట్టుబడులు, అప్పులు, ఆర్థిక వార్తల్లో తరచు వినబడే మాటల్ని వివరించమని నిర్వాహకులు ఒక జాబితా ఇచ్చారు. వడ్డీ, చక్రవడ్డీ, రాబడి, ద్రవ్యోల్బణం, బాండు, లిక్విడిటీ, ఇలా పద్నాలుగు పదాలున్నాయి. వరసగా చెప్పుకుపోదామనే అనుకున్నాను. కానీ వీటి నిర్వచనాలు ఏ పాఠ్యపుస్తకం తెరిచినా దొరుకుతాయి. ఆ నిర్వచనాలు వచ్చినవాళ్లు కూడా అప్పు కాగితం ముందు తడబడుతున్నారు. వాళ్లని తడబెట్టే మాట ఈ జాబితాలో లేదు. ఆ మాట శాతం.

శాతం అంటే నూటికి ఇంత అని మనందరికీ తెలుసు. ఏ నూటికి అని మాత్రం అడగం. ఆ నూరు చివరిదాకా నూరుగానే ఉంటుందా, నెలనెలా కరిగిపోతుందా? ఎంత కాలానికి నూటికి పది? మధ్యలో ఎవరెవరు ఎంత పట్టుకున్నాక ఆ పది? ఇవి తేలకుండా పది శాతం అన్న మాటకి అర్థమే లేదు. ఇది నా పట్టుదల అనుకోండి, చాదస్తం అనుకోండి, ఇవాళ దీన్ని వదిలి ముందుకు పోను.

దయచేసి కలం, కాగితం తీయండి. ఫోనులో క్యాలిక్యులేటరు ఉన్నా చాలు.

లక్ష అప్పు తీసుకున్నాం. ఏడాదిలో పన్నెండు సమాన వాయిదాల్లో తీర్చాలి. వడ్డీ పది శాతం ఫ్లాట్. అంటే లక్షకి పదివేలు వడ్డీ. అసలూ వడ్డీ కలిపి 1,10,000. పన్నెండుతో భాగిస్తే వాయిదా 9,167. లెక్క సుబ్బరంగా ఉంది, చెప్పిన పది శాతమే తీసుకున్నారు, అన్యాయం ఎక్కడ అనిపిస్తుంది.

ఇప్పుడు ఒక్కో నెలా విప్పి చూద్దాం. ప్రతి వాయిదాలో 8,333 అసలు కిందికి, 833 వడ్డీ కిందికి పోతోంది. మొదటి నెల మన చేతిలో లక్ష ఉంది. దానికి 833 వడ్డీ సబబే. రెండో నెల మన దగ్గరున్న అప్పు సొమ్ము 91,667. వడ్డీ మాత్రం అదే 833. ఆరు వాయిదాలు కట్టేసరికి సగం అప్పు తీరిపోయింది. వడ్డీ ఇంకా లక్ష మీదే. ఇక చివరి నెల చూడండి. మనం బాకీ ఉన్నది 8,333. దాని మీద ఒక్క నెలకి కట్టేది 833. ఒక్క నెలకి నూటికి పది! మనం సంతకం పెట్టింది ఏడాదికి నూటికి పది అనుకుని.

ఏడాది మొత్తానికి సగటున మన చేతిలో ఉన్న అప్పు సుమారు 54,000 మాత్రమే. పదివేల వడ్డీ కట్టింది ఆ 54,000 వాడుకున్నందుకు. బాకీ ఉన్న నిల్వ మీద లెక్కగట్టే అసలు పద్ధతిలో ఈ అప్పు రేటు ఏడాదికి 17.97 శాతం. పద్దెనిమిది అనుకోండి. నిజంగా పది శాతానికే, తగ్గే నిల్వ మీద ఇచ్చి ఉంటే వాయిదా 8,792 వచ్చేది, ఏడాదికి మొత్తం వడ్డీ 5,499 అయ్యేది. పదివేలకీ ఐదున్నర వేలకీ మధ్య తేడా అంతా ఫ్లాట్ అనే ఒక్క మాటలో ఉంది.

ఇది అక్కడితో ఆగదు. ప్రాసెసింగ్ ఫీజు అని రెండు శాతం ముందే పట్టుకుంటారనుకుందాం. చేతికొచ్చింది 98,000, కట్టేది మాత్రం లక్ష అప్పుకి. అప్పుడు రేటు 22కి చేరువవుతుంది. ఫీజు లేకపోయినా, మొదటి వాయిదా అప్పు ఇచ్చిన రోజే పట్టుకుంటే చేతికొచ్చేది 90,833, మిగిలేవి పదకొండు వాయిదాలు. అప్పుడూ రేటు 21 దాటుతుంది. కాగితం మీద పది శాతం పది శాతంలాగే ఉంటుంది. ఒక్క అంకె కూడా అబద్ధం ఉండదు. అందుకే దీన్ని పట్టుకోవడం కష్టం.

వెనక వరసల్లో ఉన్నవాళ్లు ఈ సూత్రం రాసుకోండి. కట్టబోయే వాయిదాలన్నీ కూడండి. అందులోంచి చేతికి నిజంగా వచ్చిన సొమ్ము తీసేయండి. మిగిలినదే అప్పు ఖరీదు. దాన్ని 24తో గుణించండి. చేతికొచ్చిన సొమ్ముని, నెలవాయిదాల సంఖ్యకి ఒకటి కలిపి వచ్చిన అంకెతో గుణించి, దాంతో భాగించండి. మన ఉదాహరణలో ఖరీదు పదివేలు, 24తో గుణిస్తే 2,40,000. కింద లక్షని 13తో గుణిస్తే 13,00,000. భాగిస్తే 0.1846, అంటే 18.46 శాతం. అసలు జవాబు 17.97, కాబట్టి ఇది కొంచెం ఎక్కువ చూపిస్తుంది. ఏడాది అప్పుకి ఇది చాలు. వాయిదాలు పెరిగేకొద్దీ పొరపాటూ పెరుగుతుంది. ఐదేళ్ల అప్పుకైతే అసలు రేటు 17.3 ఉండగా ఇది 19.7 చూపిస్తుంది. అలాంటప్పుడు స్ప్రెడ్‌షీట్‌లో రేట్ అనే ఫంక్షన్ వాడాలి. వాయిదాల సంఖ్య, వాయిదా మొత్తం, చేతికొచ్చిన సొమ్ము, ఇదే వరసలో ఇవ్వాలి. వాయిదా మొత్తానికి ముందు మైనస్ గుర్తు పెట్టకపోతే తప్పు చూపిస్తుంది. వచ్చే జవాబు నెలసరి రేటు, 12తో గుణించడం మరిచిపోకండి. చాలామంది చేసే తప్పు ఇంకొకటుంది. ఫీజు తీసేయకుండా, కాగితంలో రాసిన అప్పు మొత్తాన్నే వేస్తారు. చేతికి ఎంతొచ్చిందో అదే వెయ్యాలి.

ఈ గొడవ కొత్తదేం కాదు. అమెరికాలో 1968లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు. వడ్డీని ఏ పద్ధతిలో లెక్కగట్టినా, వడ్డీతో పాటు అప్పుకి సంబంధించిన రుసుములు కూడా కలిపి, తగ్గే నిల్వ మీద వార్షిక శాతం రేటు ఎంతో అప్పు తీసుకునేవాడికి చెప్పి తీరాలన్నది అందులోని ముఖ్యమైన నిబంధన. ఏపీఆర్ అని మీరు వినేది అదే. అప్పిచ్చేవారిని అడగవలసిన మొదటి ప్రశ్న వడ్డీ ఎంత అని కాదండీ, ఏపీఆర్ ఎంత అని. జవాబు వెంటనే రాకపోతే కాగితం మీద సంతకం వాయిదా వేయండి.

జాబితా వైపు ఒకసారి చూస్తాను. చక్రవడ్డీ. వడ్డీ అసలులో కలిసి, దాని మీద మళ్లీ వడ్డీ పెరగడం. ఇక్కడ మెలిక కాలం దగ్గరుంటుంది. నెలకి నూటికి రెండు అంటే ఏడాదికి 24 అనుకుంటాం. కట్టకుండా వదిలేసి నెలనెలా అసలులో కలుస్తూ పోతే అది 26.8 అవుతుంది. సొమ్ము రెట్టింపు కావడానికి ఎన్నేళ్లో నోటిలెక్కగా తెలుసుకోవాలంటే 72ని రేటుతో భాగించండి. ఎనిమిది శాతమైతే తొమ్మిదేళ్లు. 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో లూకా పాచోలీ ఈ 72 లెక్క చెప్పాడు, ఐదు వందల ఏళ్ల తర్వాత కూడా పనిచేస్తోంది. ధరలకీ ఇది వర్తిస్తుంది. ధరలు ఏటా ఆరు శాతం పెరుగుతుంటే పన్నెండేళ్లకి రెట్టింపవుతాయి, దాచిన నోటు విలువ సగమవుతుంది.

చక్రవడ్డీ మన వైపు పనిచేసినట్టే మన మీదా పనిచేస్తుంది. మదుపు పథకాల్లో నిర్వహణ ఖర్చు అని ఏటా రెండు శాతం తీసుకుంటారనుకోండి. రెండే కదా అనిపిస్తుంది. దేని మీద రెండు? మన లాభం మీద అయితే సరే అనుకోవచ్చు. మొత్తం నిధి మీద, లాభమొచ్చినా నష్టమొచ్చినా, ఏటా. లక్ష పెట్టుబడి ఎనిమిది శాతం చొప్పున ముప్ఫై ఏళ్లు పెరిగితే 10.06 లక్షలవుతుంది. రెండు శాతం ఖర్చు పోయి ఆరు చొప్పున పెరిగితే 5.74 లక్షలు. ఆ రెండు చివరి సొమ్ములో నలభై మూడో వంతు కాదు, నూటికి నలభై మూడు పట్టుకుపోయింది. మళ్లీ అదే ప్రశ్న చూశారా, దేని మీద, ఎంత కాలం?

సగటు రాబడి గురించి ఒక్క మాట. మొదటి ఏడాది యాభై శాతం లాభం, రెండో ఏడాది యాభై శాతం నష్టం. సగటు సున్నా, అసలు పదిలం అని ప్రకటన రాసుకోవచ్చు. వంద మీద యాభై పెరిగి 150 అయింది. రెండో యాభై శాతం ఆ 150 మీద పడింది, మిగిలింది 75. రెండు యాభైలూ ఒకటే యాభై కావు, కింద ఉన్న నూరు మారిపోయింది. అందుకే సగటు చూడకండి, వార్షిక చక్ర వృద్ధి రేటు అడగండి. అంటే ఏటా ఒకే రేటున మారి ఉంటే ఇదే చివరి సొమ్ముకి చేర్చే రేటు. ఇక్కడ అది ఏటా 13.4 శాతం నష్టం.

వార్తల్లో మాట. వడ్డీ రేటు 4 నుంచి 5కి పెరిగితే ఒక శాతం పెరిగిందని చదువుతారు. పెరిగింది ఒక శాతం పాయింటు. శాతంలో చెబితే అది ఇరవై ఐదు శాతం పెరుగుదల. పాయింటులో నూరో వంతుని బేసిస్ పాయింటు అంటారు, ఈ తికమక పోవడానికే ఆ మాట వాడుకలో ఉంది. ద్రవ్యోల్బణం 8 నుంచి 4కి తగ్గిందంటే ధరలు దిగాయని అర్థం చెప్పుకోకండి. వంద ఉన్న ధర నిరుడు 108 అయింది, ఈ ఏడాది 112.32 అయింది. తగ్గింది పెరిగే వేగం, ధర ఎక్కుతూనే ఉంది.

దీంతో ముడిపడిందే నిజ వడ్డీ, అంటే ధరల పెరుగుదల పోగా మిగిలే వడ్డీ. ఇర్వింగ్ ఫిషర్ అనే ఆర్థికవేత్త పేరుతో చెప్పుకునే సంబంధమిది. డిపాజిట్ మీద 7 శాతం వస్తోంది, ధరలు 6 శాతం పెరుగుతున్నాయి. 1.07ని 1.06తో భాగిస్తే నిజంగా పెరిగింది 0.94 శాతం. ఆ వడ్డీలో ఐదో వంతు పన్నుకి పోతే చేతికొచ్చేది 5.6. అప్పుడు 1.056ని 1.06తో భాగించండి. ఒకటి కంటే తక్కువ వస్తుంది. పాసుపుస్తకంలో అంకె పెరిగింది, కొనగలిగే సరుకు తగ్గింది. పన్ను కూడా పెరిగిన కొనుగోలు శక్తి మీద పడదు, మొత్తం ఏడు మీద పడుతుంది. ఇదీ అదే కథ.

బాండు అంటే ప్రభుత్వమో కంపెనీయో అప్పు తీసుకుని రాసిచ్చే పత్రం, దాన్ని మధ్యలో ఇంకొకరికి అమ్ముకోవచ్చు. దాని దగ్గర చాలామంది అడిగే ప్రశ్న, వడ్డీ రేట్లు పెరిగితే బాండు ధర ఎందుకు పడిపోతుందని. పదేళ్ల బాండు, ముఖ విలువ, అంటే గడువుకి తిరిగిచ్చే సొమ్ము, 100, ఏటా వడ్డీగా 5 చొప్పున ఇస్తుంది. ఆ ఐదు స్థిరం. మర్నాడు మార్కెట్లో అలాంటి కొత్త బాండు 6 ఇస్తుంటే మన పాతదాన్ని నూటికి ఎవరు కొంటారు? 92.64కి దిగితేనే కొనేవాడికి ఆరు గిట్టుబాటవుతుంది. అదే ముప్ఫై ఏళ్ల బాండైతే 86.24కి పడుతుంది. గడువు ఎంత దూరమైతే దెబ్బ అంత పెద్దది. గడువుదాకా ఆగితే నూరూ వస్తుంది, కానీ ఆగగలగాలి. 2023 మార్చిలో అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు ఆగలేకపోయింది. డిపాజిట్లు తరిగిపోతుంటే బాండ్లు అమ్మి, దాదాపు 180 కోట్ల డాలర్ల నష్టం ప్రకటించింది. మర్నాడు ఒక్కరోజే డిపాజిటర్లు 4,200 కోట్ల డాలర్లు వెనక్కి అడిగారు. ఆ తర్వాతి రోజు బ్యాంకు మూతబడింది. లిక్విడిటీ అనే మాటకి ఇంతకంటే వివరణ అక్కర్లేదు. ఆస్తి ఉండటం వేరు, అడిగిన రోజుకి నష్టం లేకుండా దాన్ని సొమ్ము చేసుకోగలగడం వేరు.

అధ్యక్షులు గంట మోగించారు. జాబితాలో ఇంకా ఎనిమిది పదాలు మిగిలాయని నాకు తెలుసు. కానీ మీలో కొందరు ఇందాక ఫ్లాట్ రేటు చెబుతున్నప్పుడు సంచుల్లోంచి కాగితాలు తీసి చూసుకోవడం గమనించాను. సభ ముగిశాక నేను ఇక్కడే, ఈ బల్ల దగ్గరే ఉంటాను. వాయిదా ఎంత, ఎన్ని వాయిదాలు, చేతికి ఎంతొచ్చింది, ఈ మూడు అంకెలు రాసుకుని రండి. పేరు చెప్పనక్కర్లేదు. అసలు రేటు ఎంతో ఇద్దరం కలిసి లెక్క వేద్దాం.