కాన్‌స్టాంటినోపుల్‌ను ముంచిన బాకీ

అందరికీ నమస్కారం. కాన్‌స్టాంటినోపుల్, అంటే ఇప్పటి ఇస్తాంబుల్, పతనం అనగానే మనకు గుర్తొచ్చేది 1453, సుల్తాన్ మెహ్మెద్, పెద్ద పెద్ద ఫిరంగులు. నేను ఇవాళ అంతకు రెండున్నర శతాబ్దాల ముందు సంగతి చెప్తాను, ఎందుకంటే నన్నడిగితే ఆ నగరం నడుం విరిగింది 1204లో, విరగ్గొట్టింది తోటి క్రైస్తవులే, అదీ మతావేశం కన్నా ఎక్కువగా ఒక బాకీ కోసం.

1198లో పోప్ మూడో ఇన్నోసెంట్ నాలుగో క్రూసేడ్‌కు, అంటే ముస్లింల చేతిలోని జెరూసలేం కోసం చేసే మతయుద్ధానికి, పిలుపిచ్చాడు. సముద్రం మీద వెళ్లాలంటే ఓడలు కావాలి, ఓడలంటే వెనిస్. 1201లో ఒప్పందం రాసుకున్నారు: 33,500 మందిని, 4,500 గుర్రాలను దాటించాలి, అందుకు 85,000 మార్కుల వెండి, మార్కు అంటే అప్పటి ఒక తూకం. వెనిస్ అధినేత ఎన్రికో డాండొలో చూపు లేని ముసలాయన, కానీ లెక్కల దగ్గర మాత్రం ఎవరికీ చిక్కే రకం కాదు. ఊళ్లో మిగతా వ్యాపారం ఆపించి మరీ ఓడలు కట్టించాడు. తీరా 1202లో చూస్తే వచ్చింది మూడో వంతు జనం! నాయకులు తమ బంగారు, వెండి పాత్రలు తెచ్చి పోసినా ఇంకా 34,000 మార్కులు తక్కువ. పెళ్లికి వెయ్యి మందికి వంట చేయించి మూడొందల మందే వచ్చారంటే క్యాటరింగ్ వాడు ఊరుకుంటాడా? డాండొలో కూడా ఊరుకోలేదు. డబ్బు లేకపోతే జారా పట్టణాన్ని పట్టుకుని ఇవ్వండి, బాకీ సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. జారా అంటే ఇప్పటి క్రొయేషియాలోని జాదర్. అది కూడా కేథలిక్ ఊరే, దాన్ని ఏలే హంగరీ రాజు తనూ క్రూసేడ్‌కు వస్తానని శపథం చేసినవాడే. పోప్ వద్దన్నా వినకుండా నవంబర్‌లో పట్టుకున్నారు, ఆయన వాళ్లను చర్చి నుంచి బహిష్కరించాడు, అయినా అప్పు అలాగే ఉంది.

సరిగ్గా ఆ టైమ్‌కు అలెక్సియోస్ అనే కుర్రాడు తగిలాడు. వీడి తండ్రి రెండో ఐజాక్ బైజాంటైన్ చక్రవర్తి, అంటే కాన్‌స్టాంటినోపుల్ నుంచి గ్రీకు రాజ్యాన్ని ఏలినవాడు, 1195లో ఆయన సొంత అన్నే ఆయన్ని గుడ్డివాణ్ణి చేసి గద్దె లాక్కున్నాడు. మా గద్దె మాకు ఇప్పిస్తే 2 లక్షల మార్కులు ఇస్తాను, 10,000 మంది సైన్యాన్నిస్తాను, గ్రీకు చర్చిని రోమ్ కిందకు తెస్తాను అని వాడు నోటికొచ్చినన్ని హామీలు ఇచ్చేశాడు. దేశంలో కాలు పెట్టలేనివాడి చేతిలో ఏముందని ఎవరైనా అడగాలి కదా! బాకీలో మునిగినవాళ్లకు అలాంటి ప్రశ్నలు తట్టవు, తట్టినా పైకి అడగరు.

1203 జూన్ చివర్లో ఓడలు కాన్‌స్టాంటినోపుల్ గోడల ముందుకొచ్చాయి. కొంత పోరు జరిగాక పెదనాన్న చేతికందిన బంగారం మూటగట్టుకుని రాత్రికి రాత్రి ఉడాయించాడు. తండ్రినీ కొడుకునీ కలిపి సింహాసనం ఎక్కించారు. ఖజానా చూస్తే ఖాళీ. చర్చిల్లోని ప్రతిమల మీది బంగారం, వెండి వలిచి కరిగించినా కుర్రాడు సగం దాకానే కట్టగలిగాడు. బయట క్రూసేడర్లు మిగతాదెప్పుడంటారు, లోపల జనం దేవుడి సొమ్ము పరాయివాళ్లకు దోచిపెడుతున్నావంటారు. చివరికి 1204 మొదట్లో మరో అలెక్సియోస్, గుబురు కనుబొమలవాడు, ఈ కుర్రాణ్ణి గొంతు నులిమించి చంపించి తను చక్రవర్తి అయ్యాడు. బాకీ కట్టాల్సినవాడు పోయాడు, ఇక ఊరినే జప్తు చేసుకుందామనుకున్నారు.

ఏప్రిల్ 12న గోల్డెన్ హార్న్ అనే రేవు వైపు గోడ మీద ఓడల పైనుంచి వంతెనలు వేసి బురుజుల్లోకి దూకారు. తర్వాత మూడు రోజులు దోపిడీ. దీన్ని కళ్లారా చూసి రాసినవాడు నికితాస్ కోనియాటిస్, ఆస్థానంలో పెద్ద అధికారి. ఊళ్లోకెల్లా పెద్ద చర్చి హాగియా సోఫియాలో వెండి మోయడానికి కంచరగాడిదలను లోపలికే తోలారని, నున్నటి రాతి నేల మీద కాళ్లు జారి పడినవాటిని అక్కడే పొడిచారని, ఒక వేశ్యను తెచ్చి గ్రీకు చర్చి పెద్ద అయిన పాట్రియార్క్ ఆసనం మీద కూర్చోబెట్టారని రాశాడు. విచిత్రమేంటంటే ఆయన కుటుంబాన్ని కాపాడింది ఒక వెనిస్ వ్యాపారే, పాత స్నేహితుడు. సైనికుడి వేషం కట్టుకుని గుమ్మంలో నిలబడి ఈ ఇల్లు నేను ముందే పట్టుకున్నానని వచ్చినవాళ్లను వెనక్కి పంపాడు. ఆ తర్వాత నికితాస్ వాళ్లు నెలలు నిండిన ఆయన భార్యతో కాలినడకన ఊరు దాటారు, ఆడపిల్లలు ఎవరి కంటా పడకుండా మొహాలకు మట్టి పూసుకున్నారు. దారిలో ఒకడు ఓ న్యాయాధికారి కూతుర్ని లాక్కుపోతే, నికితాస్ వేరే సైనికుల కాళ్లావేళ్లా పడి విడిపించుకొచ్చాడు. ఎవడికి ఎన్ని మార్కులన్న లెక్కల కింద అసలు జరిగింది ఇదీ.

దోచినవన్నీ వెనిస్ చేరలేదు, చాలా కంచు విగ్రహాలను నాణేల కోసం కరిగించేశారు. చేరినవాటిలో నాలుగు కంచు గుర్రాలు సెయింట్ మార్క్ చర్చి మ్యూజియంలో ఉన్నాయి, బయట కనిపించేవి నకళ్లు. అదే చర్చి గోడ మూలన నలుగురు రాజులు కౌగిలించుకున్న ఊదా రాతి శిల్పం ఉంది, అందులో ఒకరికి పాదం లేదు. ఆ పాదం ముక్క 1960లలో ఇస్తాంబుల్ తవ్వకాల్లో బయటపడింది! దీనికన్నా గట్టి సాక్ష్యం ఏం కావాలి?

1261లో గ్రీకులు నగరాన్ని మళ్లీ పట్టుకున్నారు, కానీ మునుపటి సత్తువ రాలేదు. 1343లో కిరీట ఆభరణాలను 30,000 డ్యూకాట్లకు, అంటే వెనిస్ బంగారు నాణేలకు, తాకట్టు పెట్టారు, ఎక్కడనుకున్నారు, వెనిస్‌లోనే! విడిపించనేలేదు. 1347లో ఆరో జాన్ చక్రవర్తి పట్టాభిషేకానికి పెట్టుకున్నవి గాజు రాళ్లు, విందుకు మట్టి పాత్రలు, తగరపు పాత్రలు. అలాంటి రాజ్యం 1453 దాకా నిలిచిందంటే అదే గొప్ప.

గ్రీకులు అమాయకులని మాత్రం నేననను. 1182లో ఆ నగరంలోనే వాళ్లు వేలమంది లాటిన్ నివాసులను, అంటే పడమటి నుంచి వచ్చిన కేథలిక్కులను, చంపారు, దొరికినవాళ్లను బానిసలుగా అమ్మేశారు. ఆ పగ కూడా ఓడలెక్కి వచ్చింది. ఇక డాండొలో ఏమయ్యాడని ఎలాగూ అడుగుతారు కాబట్టి చెప్పేస్తాను. 1205లో ఆ ఊళ్లోనే పోయాడు, హాగియా సోఫియాలోనే పాతిపెట్టారు. అక్కడ పై అంతస్తులో ఆయన పేరుతో కనిపించే రాయి 19వ శతాబ్దంలో పెట్టింది, అసలుది కాదు. ఇస్తాంబుల్ వెళ్లి ఫొటోలు తీసుకునేవాళ్లు గమనించుకోండి. ఇక మీ ప్రశ్నలు.