మూత్రంలో మంట ప్రాణం మీదికి ఎప్పుడు వస్తుంది

అందరికీ నమస్కారం. పొదుపు సంఘం మీటింగ్‌లో లోన్ల లెక్కలు పక్కన పెట్టి ఈ విషయానికి సమయం ఇచ్చినందుకు సంతోషం. ఇది ఆడవాళ్లు ఒకరితో ఒకరు కూడా గొంతు తగ్గించి మాట్లాడుకునే విషయం. నేను గొంతు తగ్గించను, మీరూ సిగ్గుపడకండి. ఎందుకంటే దాదాపు సగం మంది ఆడవాళ్లకి జీవితంలో ఒక్కసారైనా యూరిన్ ఇన్ఫెక్షన్ వస్తుంది. అందులో ఎక్కువమందికి అది సరైన మందు పడితే నాలుగైదు రోజుల్లో పోయే జబ్బు. కొద్దిమందికి మాత్రం కిడ్నీకి పాకి, అక్కడి నుంచి రక్తంలో కలిసి, ఐసీయూ దాకా తీసుకెళ్తుంది. అలా ముదురుతోందన్న సంగతి డాక్టర్ కంటే ముందు ఇంట్లో పక్కనే ఉన్న మనిషికి తెలుస్తుంది. ఏం చూడాలో మీకు చెబితే చాలని వచ్చాను.

ఆడవాళ్లలో మూత్రం బయటికి వచ్చే నాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లు, మగవాళ్లలో దాదాపు 20. పైగా మనకి మలద్వారం పక్కనే ఉంటుంది. పేగుల్లో మామూలుగా ఉండే ఈ.కోలై అనే బాక్టీరియా ఆ కాస్త దూరం దాటి మూత్రాశయంలోకి చేరితే ఇన్ఫెక్షన్ మొదలవుతుంది, మనం చూసే కేసుల్లో చాలా వరకు దానివల్లే. అక్కడ ఉన్నంతసేపు లక్షణాలన్నీ పొత్తికడుపు చుట్టూనే ఉంటాయి: మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, వెళ్తే నాలుగు చుక్కలే రావడం, వాసన, ఒక్కోసారి ఎర్రగా రావడం. బాధ ఎక్కువే, కానీ జ్వరం ఉండదు, ఆకలి ఉంటుంది, పని చేసుకోగలుగుతారు. ఈ దశలో ఒకటి రెండు రోజుల్లో డాక్టర్‌కి చూపించుకుంటే సరిపోతుంది. మంటతో పాటు తెల్లబట్ట, దురద ఉంటే అది వేరే జబ్బు కావచ్చు, అదీ చెప్పండి.

మన దగ్గర జరిగేది ఏంటంటే, మంట అనగానే "ఒంటికి వేడి చేసింది" అంటాం. సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, మజ్జిగ, కొబ్బరినీళ్లు మొదలవుతాయి. వాటితో నష్టం లేదు, నీళ్లు లోపలికి వెళ్లడం మంచిదే. నష్టం ఎక్కడంటే, ఆ మాట చెప్పుకుని వారం పది రోజులు గడిపేయడం దగ్గర. ఎండలో పని చేసి, నీళ్లు తాగక మూత్రం పచ్చగా, మంటగా వచ్చిందనుకోండి, రెండు లీటర్ల నీళ్లు తాగితే ఆ పూటకో, మర్నాటికో తేలికపడాలి. పడలేదా, అది వేడి అనుకోకండి, మూత్ర పరీక్ష చేయించండి.

ఇక్కడ ఒక మాట కోపంగానే చెబుతాను. మిరప కోతలకి, పత్తి ఏరడానికి తెల్లవారకముందే ఆటో ఎక్కే ఆడవాళ్లు, చేలో మరుగు లేదు కాబట్టి సాయంత్రం ఇంటికొచ్చేదాకా నీళ్లు తాగకుండా ఉంటారు. బట్టల షాపుల్లో రోజంతా నిలబడే పిల్లల పరిస్థితీ అంతే. నీళ్లు ఎక్కువ తాగండమ్మా అని వాళ్లకి సలహా ఇవ్వడం తేలిక, పని పెట్టేవాళ్లు ఒక మరుగుదొడ్డి కట్టించడం మాత్రం ఎవరికీ గుర్తుండదు. మీ సంఘం ఈ విషయం మీద గ్రామసభలో గట్టిగా మాట్లాడాలని నా కోరిక.

సరే, ముదిరిందని ఎలా తెలుస్తుంది? మొదటి గుర్తు చలి జ్వరం. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకా కొట్టుకునేంత వణుకు, తర్వాత 101, 102 జ్వరం, ఆ తర్వాత చెమటలు. రెండో గుర్తు వీపులో, చివరి పక్కటెముక కింద, వెన్నుపూసకి ఒక పక్కన లోతుగా ఉండే నొప్పి. మూడోది వాంతులు. వీటిలో ఏది కనిపించినా ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కిందనే అనుమానించాలి. అదే రోజు ఆసుపత్రి, మర్నాడు కాదు.

పొలం పనికి వెళ్లేవాళ్లకి నడుంనొప్పి కొత్త కాదు కదా అని అడుగుతారు, న్యాయమైన ప్రశ్న. పని వల్ల వచ్చే నొప్పి వంగినప్పుడు, లేచినప్పుడు మారుతుంది, పడుకుంటే కాస్త తగ్గుతుంది, జ్వరం తేదు. కిడ్నీ నొప్పి ఎటు తిరిగి పడుకున్నా వదలదు, ఆ చోట అరచేత్తో మెల్లగా తట్టినా ఉలిక్కిపడతారు, ఒళ్లు వేడిగా ఉంటుంది. ఒక్కోసారి ఈ దశకి వచ్చేసరికి మంట అసలు ఉండదు. "మంట తగ్గింది, ఇప్పుడు జ్వరం వచ్చింది, ఇది వేరే" అనుకుంటారు. వేరే కాకపోవచ్చు. పోయిన వారం మంట ఉందా అని గుర్తు చేసుకుని డాక్టర్‌కి చెప్పండి, అడగకపోయినా చెప్పండి.

వణుకుతో జ్వరం అంటే మలేరియా పరీక్ష చేయిస్తారు, మంచిదే. వైడల్ పరీక్షలో పాజిటివ్ వచ్చిందని టైఫాయిడ్ మందులు మొదలుపెట్టడం మాత్రం మన ఊళ్లలో చాలా ఎక్కువ. టైఫాయిడ్ ఎక్కువగా ఉండే మన దేశంలో ఆ ఒక్క పరీక్ష నమ్మదగ్గది కాదు, ఎప్పుడో వచ్చిన జబ్బుకీ, వేరే జ్వరాలకీ కూడా పాజిటివ్ చూపించవచ్చు. చలి జ్వరానికి రక్తం తీస్తుంటే "మూత్ర పరీక్ష కూడా రాయండి సార్" అని మీరే అడగండి. అడగడం మీ హక్కు.

ఇక అసలు భయపడాల్సిన దశ సెప్సిస్. ఇన్ఫెక్షన్‌ని ఎదుర్కొనే క్రమంలో శరీరం అదుపు తప్పి, తన అవయవాలనే దెబ్బతీసుకోవడం. ఇక్కడ నొప్పి కంటే మనిషి తీరు చూడాలి. మాట తడబడుతోందా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతోందా, ఎప్పుడూ చలాకీగా ఉండే మనిషి లేపినా కళ్లు తెరవకుండా మగతగా ఉందా. ఊపిరి వేగం చూడండి, పొట్ట లేచి పడటాన్ని ఒక నిమిషం లెక్కపెట్టండి, కదలకుండా పడుకున్న పెద్ద మనిషికి 22 గానీ అంతకు మించి గానీ ఉంటే ప్రమాదమే. చేతులు కాళ్లు చల్లబడటం, చర్మం మచ్చలు మచ్చలుగా పాలిపోవడం, నిలబడితే తూలిపోవడం, బీపీ మిషన్ ఉంటే పై అంకె 100 గానీ, ఇంకా తక్కువ గానీ చూపించడం. ఇంకొకటి అందరూ మర్చిపోయేది: మూత్రం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మూత్రమే రాలేదంటే, సరిగా తాగలేదులే అని సరిపెట్టుకోవద్దు.

జ్వరం తగ్గిపోయింది కదా అని ధైర్యపడకండి. సెప్సిస్‌లో ఒళ్లు మామూలు కంటే చల్లబడటం కూడా ఉంది, అది ఎక్కువ జ్వరం కంటే చెడ్డ గుర్తు. పైవాటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి, అర్ధరాత్రయినా సరే. ఈ దశలో గంట గంటకీ తేడా ఉంటుంది, మొదటి గంటలోనే యాంటీబయాటిక్ రక్తనాళంలోకి వెళ్లాలని వైద్య నియమం. తెల్లారాక చూద్దాం అనే మాట ఎవరన్నా, అది అత్తగారైనా, భర్తయినా, వినకండి.

కొందరి విషయంలో మొదటి మెట్టు నుంచే తొందరపడాలి. గర్భిణులు ముందు. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల, గర్భసంచి ఒత్తిడి వల్ల మూత్రం నిదానంగా కదులుతుంది. మంట, జ్వరం ఏమీ లేకుండానే మూత్రంలో క్రిములు పెరుగుతుండవచ్చు, వదిలేస్తే అలాంటివాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి కిడ్నీ ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం ఉంది, నెలలు నిండకుండా కాన్పు కూడా కావచ్చు. బాగానే ఉన్నాను కదా, ఒంటేలు పరీక్ష ఎందుకని నర్సమ్మతో వాదించే అమ్మాయిలకి ఇదే జవాబు.

తర్వాత షుగర్ ఉన్నవాళ్లు. షుగర్ బాగా పెరిగి అదుపు తప్పినవాళ్లలో క్రిములు కిడ్నీలోనే గ్యాస్ పుట్టించి దాన్ని కుళ్లబెట్టే ఒక రకం ఇన్ఫెక్షన్ ఉంది. అది వచ్చినవాళ్లలో అత్యధికులు షుగర్ రోగులే. పైకి మామూలు కిడ్నీ ఇన్ఫెక్షన్‌లాగే కనిపిస్తుంది, సీటీ స్కాన్‌లో గానీ సరిగా బయటపడదు. కాబట్టి షుగర్ మనిషికి చలి జ్వరం, వాంతులు వస్తే ఊళ్లో సెలైన్ పెట్టించుకుని పడుకోవద్దు. వాంతులతో తిండి మానేసిన రోజున మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వేసుకోవాలో ఆపాలో డాక్టర్‌ని ఆ రోజే అడగండి. ఇన్సులిన్ మాత్రం సొంతంగా ఆపేయకండి.

రాళ్లున్నవాళ్ల సంగతి ఇంకా తొందర. రాయి అడ్డుపడి, దాని వెనక మూత్రం చీముగా మారితే, చీముగడ్డకి కోత పెట్టకుండా మాత్రలు మింగుతూ కూర్చున్నట్టే, ఎంత ఖరీదైన యాంటీబయాటిక్ ఇచ్చినా ఒక్కటే పనిచేయదు. లోపల స్టెంట్ అనే సన్న గొట్టం వేసో, వీపు నుంచి గొట్టం పెట్టో ఆ మూత్రాన్ని బయటికి తీయాలి, అది అత్యవసరం. రాయి నొప్పికి జ్వరం తోడైందంటే యూరాలజిస్ట్ ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి, మధ్యలో రెండు మూడు క్లినిక్‌లు తిరగకండి.

మగవాళ్లకి ఈ ఇన్ఫెక్షన్ తక్కువ, కాబట్టి వస్తే ప్రోస్టేట్ అడ్డమో, రాయో, ఏదో కారణం ఉందేమో వెతకాలి. మూత్రం మొత్తానికే ఆగిపోతే అదే పూట ఆసుపత్రి. పసిపిల్లలు చెప్పలేరు: జలుబు దగ్గు ఏమీ లేకుండా జ్వరం, పాలు తాగకపోవడం, వాంతులు ఉంటే మూత్రం చూడాలి, మూడు నెలల లోపు బిడ్డకి 100.4 జ్వరం వస్తే కారణం ఏదైనా వెంటనే ఆసుపత్రికి. ముసలివాళ్లలో జ్వరం రాకపోవచ్చు, ఉన్నట్టుండి మనుషుల్ని పోల్చుకోలేకపోవడం, పడిపోవడం, తిండి మానేయడం కనిపిస్తాయి. అయితే ముసలాయన తికమక పడగానే అది యూరిన్ ఇన్ఫెక్షనే అని తేల్చేయకండి, షుగర్ పడిపోవడం, పక్షవాతం, సోడియం తగ్గడం కూడా అలాగే ఉంటాయి, ఆసుపత్రిలో అన్నీ చూడాలి. మూత్రం గొట్టం పెట్టుకున్నవాళ్లకి నెల దాటితే మూత్రంలో క్రిములు దాదాపు ఎప్పుడూ ఉంటాయి, మూత్రం మడ్డిగా ఉందన్న కారణంతో మందు అక్కర్లేదు, జ్వరం, వణుకు, మగత ఉంటే కావాలి.

మందుల గురించి. మెడికల్ షాపులో "మంటకి రెండు మాత్రలు ఇవ్వు" అని తెచ్చుకోవడం ఆపండి. రెండు రోజులు వేసి మానేసే యాంటీబయాటిక్ వల్ల క్రిములు మొండివవుతాయి. మన దేశంలో ఈ.కోలై ఇప్పటికే నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి వాటికి చాలావరకు లొంగడం లేదు. మూత్రాశయానికి బాగా పనిచేసే నైట్రోఫ్యురాంటాయిన్ మాత్ర కిడ్నీ ఇన్ఫెక్షన్‌కి పనిచేయదు, కిడ్నీ కండలోకి అది చాలినంత చేరదు. పోయినసారి తగ్గింది కదా అని అదే చీటీ పట్టుకెళ్లి చలి జ్వరంలో ఈ మాత్ర వేసుకుంటూ కూర్చుంటే రోజులు పోతాయి. మంట తగ్గించే సిరప్పులు మంటని తగ్గిస్తాయి, క్రిముల్ని చంపవు. నొప్పికని డైక్లోఫెనాక్ సూదులు పొడిపించుకోవడం, అదీ వాంతులతో ఒంట్లో నీరు లేనప్పుడు, కిడ్నీకి ఇంకా దెబ్బ.

వీలైతే మొదటి మోతాదు పడకముందే కల్చర్‌కి, అంటే ఏ క్రిమి ఉంది, దానికి ఏ మందు పనిచేస్తుంది అని చూసే పరీక్షకి, మూత్రం ఇవ్వండి. కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్యలోది ల్యాబ్ వాళ్లిచ్చిన డబ్బాలో పట్టాలి. రిపోర్ట్‌కి రెండు మూడు రోజులు పడుతుంది, అందాకా మందు ఆపరు, రిపోర్ట్ వచ్చాక అవసరమైతే మారుస్తారు. కాబట్టి ఆ కాగితం తెచ్చుకుని మళ్లీ చూపించడం మర్చిపోవద్దు. మందు మొదలై 48 గంటలు దాటినా జ్వరం అలాగే ఉంటే తిరిగి వెళ్లండి, స్కాన్ అవసరం కావచ్చు. పరిస్థితి దిగజారితే ఆ 48 గంటలూ ఆగక్కర్లేదు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు వాడుతున్న మందుల కవర్లన్నీ, పాత రిపోర్టులు, ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు ఒక సంచిలో వేసుకోండి. డాక్టర్‌తో ఇలా చెప్పండి: మంట ఎప్పుడు మొదలైంది, వణుకు ఎన్నిసార్లు వచ్చింది, ఆఖరిసారి మూత్రం ఎప్పుడు పోసింది, ఇప్పటిదాకా ఏ సూది, ఏ మాత్ర పడింది. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుంటే దాచకండి, ఎవరూ తిట్టరు, తిడితే పడండి కానీ చెప్పండి.

నా వైపు నుంచి ఇంతే. గర్భిణులు, షుగర్ ఉన్నవాళ్లు వెళ్లిపోకండి, ఏఎన్ఎమ్ గారు పక్క గదిలో డబ్బాలు, బీపీ మిషన్ పెట్టుకుని ఉన్నారు. అందరి ముందు అడగలేని ప్రశ్నలుంటే ఆ గదిలోకే రండి, అక్కడ మాట్లాడదాం.