లాగ్‌బుక్కుకెక్కని జంపులు

అధ్యక్షులవారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఇవాళ షీల్డులు అందుకోబోతున్న జంపర్లకు, వాళ్లను ఏళ్ల తరబడి భరిస్తున్న ఇంటివాళ్లకు నమస్కారం. పైలట్లకు, పారాచూట్లు మడిచిపెట్టే ప్యాకర్లకు, రిజర్వ్‌లూ పరికరాలూ చూసుకునే రిగ్గర్లకు విడిగా నమస్కారం. ఇలాంటి సభల్లో వీళ్లెప్పుడూ "తదితరులు" అన్న మాటలో కలిసిపోతుంటారు, అందుకని. నాకు పదిహేను నిమిషాలిచ్చారు. "స్కైడైవింగ్‌లో స్నేహం" అంశం. కార్యదర్శిగారు ఫోన్ చేసి, "బహుమతుల సభ కదా సార్, కాస్త సరదాగా మాట్లాడండి" అన్నారు. సరదాగానే మొదలుపెడతాను. చివరిదాకా అలాగే సాగుతుందని మాత్రం మాటివ్వలేను.

సరదా సంగతులకేం, మన దగ్గర బోలెడు. ఏది మొదటిసారి చేసినా బీరు బాకీ. మొదటి జంపుకు, లైసెన్సుకు, మొదటిసారి కొత్త రకం విమానమెక్కినందుకు, అన్నిటికీ బాకీయే. నోరు జారి "ఇదే ఫస్ట్ టైం" అన్నాడా, పక్కవాడు వినేస్తాడు, ఆ సాయంత్రం అతని జేబుకు చిల్లు. మెయిన్ పారాచూట్ చిక్కుబడి, దాన్ని వదిలేసి రిజర్వ్, అంటే రెండో పారాచూట్ మీద దిగినవాడు బీరుతో పాటు ఆ రిజర్వ్ ప్యాక్ చేసిన రిగ్గర్‌కు మంచి సీసా ఒకటి ముట్టజెప్పాలి. ఇది ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. అయినా ఎగ్గొట్టినవాణ్ణి నేను చూడలేదు.

దీనికంటే నాకిష్టమైనది ఇంకొకటుంది. నా వీపు మీద పారాచూట్ సంచిని మూసి ఉంచే పిన్ నాకు కనబడదు. అది సరిగ్గా కూర్చుందో లేదో ఎవరో ఒకరు చూడాలి. భాష రాని దేశంలో, ఊరూ పేరూ తెలియని మనిషికి విమానంలో వీపు తిప్పి చూపిస్తాం. అతను ఫ్లాప్ ఎత్తి, పిన్ చూసి, అది దూరిన లూప్ చూసి, ఫ్లాప్ మూసి భుజం తడతాడు. అయిపోయింది. ఆ క్షణం నుంచి ఇద్దరం స్నేహితులం. పెళ్లి సంబంధాలకు కూడా ఇంత నమ్మకం ఉండదు.

ఇక షీల్డుల సంగతి. లోపలికి వస్తూ బల్ల మీద చూశాను. రెండొందల జంపులకు చిన్నది, అయిదొందలకు ఇంకాస్త పెద్దది, వెయ్యికి నిలువెత్తుది. సంతోషం. కష్టపడ్డారు, డబ్బు తగలేశారు, తీసుకోండి. కానీ వాటిని చూసినప్పటి నుంచీ నాకు ఒకే మనిషి గుర్తొస్తోంది. మన లాగ్‌బుక్కులో జంపు నంబరు, తేదీ, స్థలం, విమానం, ఎత్తు, పారాచూట్ తెరిచేదాకా ఫ్రీఫాల్ ఎన్ని సెకన్లు, అన్నీ రాసుకుంటాం. పదమూడు వేల అడుగులు ఎక్కి, తలుపు దాకా వెళ్లి, దూకకుండా వెనక్కొచ్చి కూర్చుంటే ఎక్కడ రాయాలి?

మా డ్రాప్‌జోన్‌లో, అంటే మేం విమానమెక్కి దూకి దిగే మైదానంలో, ఒకావిడ ఉండేవారు. పేరు చెప్పను, ఆవిడకిష్టముండదు. అందరం "అక్కా" అనేవాళ్లం, ఆవిడకంటే వయసులో పెద్దవాళ్లు కూడా. వేల జంపులు చేసిన మనిషి. ఒక సాయంత్రం చివరి లోడు, అంటే విమానం జంపర్లను పైకి తీసుకెళ్లే ఆఖరి విడత. పొద్దున్నుంచీ మబ్బుతో కాసేపు, గాలితో కాసేపు ఆగి ఆగి విసిగిపోయి ఉన్నాం. సాయంత్రానికి గాలి కాస్త తగ్గినట్టనిపిస్తే బిలబిలమంటూ ఎక్కేశాం. పైకెళ్లాక తలుపు తెరిచారు. అక్క మోకాళ్ల మీద కూర్చుని కిందికి చూశారు. అందరం చూసేది డ్రాప్‌జోన్ వచ్చిందా లేదా అని. ఆవిడ చూసింది మట్టిరోడ్డు మీద లేచిన దుమ్మును. అది పైకి లేవడం లేదు, నేల పట్టుకుని పక్కకు పరుగెడుతోంది. ఆవిడ వెనక్కి జరిగి, బెల్టు పెట్టుకుని, "నేను విమానంలోనే దిగిపోతాను" అని పైలట్‌కు సైగ చేశారు.

లైసెన్సు వచ్చి ఎన్నాళ్లో కాని కుర్రాడొకడు ఆవిణ్ణి చూసి తానూ కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. నాదేదో గొప్ప ధైర్యమని చెప్పుకోను, ఆవిడ కూర్చున్నారు కాబట్టి కూర్చున్నాను. మిగతావాళ్లు దూకేశారు. తలుపు మూశారు. విమానంలో దిగిరావడం దూకడం కంటే తేలికని బయటివాళ్లనుకుంటారు. కాదు. పారాచూట్లు తెరిచే హ్యాండిళ్లు దేనికీ తగలకుండా చేతులడ్డం పెట్టుకుని ఒద్దికగా కూర్చోవాలి. తలుపు తెరిచి ఉన్నప్పుడు పారాచూట్ ఒకటి పొరపాటున తెరుచుకుని బయటికి లాగేసిందంటే విమానానికే ముప్పు. రిజర్వ్‌ను దానంతటదే తెరిచే ఆటోమేటిక్ పరికరానికి మనం విమానంలో ఉన్నామో గాలిలో పడిపోతున్నామో తెలియదు, దానికి తెలిసింది ఎత్తూ వేగమూ. అందుకే జంపర్లను వెనక్కి తెచ్చే పైలట్ మెల్లగా దించాలి. పాపం ఆ పైలట్, ఆలస్యమవుతున్నా ఒక్క మాట అనకుండా దించాడు.

కిందికొచ్చాం. దూకినవాళ్లు పారాచూట్లు భుజాన వేసుకుని నడిచొస్తున్నారు. అందరూ క్షేమం. ఇది బాగా వినండి, ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు. ఇద్దరు దూరంగా పడ్డారు, ఒకతను కాస్త ఈడ్చుకుపోయాడు, అంతే. వాళ్లలో ఒక పెద్దమనిషి నవ్వుతూ, "ఏం అక్కా, పైలట్‌కు తోడెళ్లారా?" అన్నాడు. అందరూ నవ్వారు. "గాలి నాకు నచ్చలేదు" అని అక్క తన రిగ్, అదే పారాచూట్ల సంచి, తీసుకుని లోపలికెళ్లిపోయారు. ఆవిడకేం, ఆ నవ్వు ఆవిడ చెవికెక్కి ఉండదు. ఎక్కింది ఆ కుర్రాడికి. మొహం కందిపోయింది.

ఎన్నేళ్లయినా ఆ నవ్వు మీద నాకు కోపం పోలేదు. కార్యదర్శిగారూ, సరదా అయిపోయింది, క్షమించండి.

2012 అక్టోబర్ 14న ఆస్ట్రియా జంపర్ ఫీలిక్స్ బామ్‌గార్ట్‌నర్ దాదాపు 39 కిలోమీటర్ల ఎత్తు నుంచి దూకడం మీలో చాలామంది చూసే ఉంటారు. అక్టోబర్ 9న ఏం జరిగిందో ఎంతమందికి గుర్తుంది? ఆ రోజే దూకాల్సింది. మనిషి సూటు తొడుక్కుని క్యాప్సూల్‌లో కూర్చున్నాడు, బెలూన్‌లో హీలియం నింపుతున్నారు, ప్రపంచమంతా టీవీల ముందుంది. గాలి విసిరింది. ఆపేశారు. అంతకు రెండేళ్ల ముందు, 2010లో, ఆ ప్రెజర్ సూటులో ఊపిరాడనట్టుందని ఆయన ప్రాజెక్టు మధ్యలో వదిలేసి వెళ్లిపోయాడు కూడా. ఆ భయాన్ని మనస్తత్వ నిపుణుడితో కూర్చుని తేల్చుకుని, తర్వాత తిరిగొచ్చాడు. "తోడెళ్లావా" అని ఆయన్ని ఎవరైనా అడిగారా?

ఆయన దూకిన రోజు రేడియోలో ఆయనతో మాట్లాడింది ఎవరు? జో కిట్టింగర్. 1960 ఆగస్టు 16న లక్షా రెండు వేల ఎనిమిది వందల అడుగుల నుంచి దూకిన మనిషి. 52 ఏళ్లు ఎవరూ దాటని ఎత్తు అది. దాన్ని దాటబోతున్నవాడికి ఆ ముసలాయన కింద కూర్చుని చెక్‌లిస్టు ఒక్కొక్కటే చదివి వినిపించాడు. ఆయన చదువుతుంటే ఇతను చేస్తున్నాడు. హెల్మెట్ అద్దానికి వేడి సరిగ్గా అందుతున్నట్టు లేదని ఫీలిక్స్ పైనుంచి చెబితే, ఆపేద్దామా అన్న మాట కూడా వచ్చింది. తర్జనభర్జన పడ్డాకే ముందుకెళ్లారు. కిట్టింగర్‌కు ఆ గొంతు ఊరికే రాలేదు. 1959 నవంబర్‌లో, ఆ వరస ఎత్తు జంపుల్లో మొదటిదానిలోనే చిన్న పారాచూట్ మెడకు చుట్టుకుని, గిరగిరా తిరిగి స్పృహ తప్పాడాయన. తనంతట తాను తెరుచుకునే రిజర్వ్ ఆయన్ని బతికించింది. తన రికార్డు పోతుంటే, పోగొట్టేవాడికి దారి చెబుతూ కూర్చోవడం... నన్ను స్నేహం గురించి మాట్లాడమన్నారు కదా, నేను చెప్పగలిగింది ఇదే.

తనంతట తాను తెరుచుకునే రిజర్వ్ అంటే గుర్తొచ్చింది. బిల్ బూత్ పేరు మీ అందరికీ తెలుసు. చిక్కుబడ్డ మెయిన్ పారాచూట్‌ను వదిలించే, మన భుజాల మీదున్న మూడు రింగుల అమరిక ఆయన చేసిందే. ఆయన ఎప్పటినుంచో అనే మాట ఒకటుంది. పరికరాలు ఎంత భద్రంగా తయారైతే జంపర్లు అంత ఎక్కువ సాహసం చేస్తారు, చావుల లెక్క మాత్రం మారదు అని. ఆయన అన్నంత గట్టిగా నేననను, లెక్క మారింది. అమెరికాలో 1970లలో ఏటా నలభై మందికి పైగా పోయేవాళ్లు. 2021లో 35 లక్షలకు పైగా జంపులు జరిగితే పోయినవాళ్లు పది మంది. 1991లో సైప్రెస్ అనే ఆటోమేటిక్ పరికరం వచ్చింది. హ్యాండిల్ లాగడం మర్చిపోయినవాడికి, స్పృహ తప్పినవాడికి అది నేలకు ఏడొందల యాభై అడుగుల దగ్గర రిజర్వ్ తెరుస్తుంది. ఎందరి ఇళ్లలోనో దీపం నిలబెట్టింది.

కానీ బూత్ మాటలో నిజం వేరేచోట బయటపడింది. చక్కగా తెరుచుకున్న పారాచూట్ కింద, ఏ లోపమూ లేని పారాచూట్ కింద, నేలకు దగ్గరగా వచ్చాక తిప్పి దెబ్బలు తగిలించుకునేవాళ్లు, పోయేవాళ్లు ఎక్కువయ్యారు. తన అనుభవానికి మించి వేగంగా దిగే చిన్న పారాచూట్ కొనుక్కుని కొందరు, గాలి ఎదురుగా లేదని ఆఖరి నిమిషంలో కంగారుపడి కొందరు. రిజర్వ్ తెరిచే యంత్రం వచ్చింది గానీ, "ఇది నీకు చిన్నదిరా" అని చెప్పే యంత్రం ఇంకా రాలేదు. అది మనం చెప్పాల్సిందే.

మీకు ఇంకో సంగతి చెబుతాను. అమెరికా పారాచూట్ సంఘం నిబంధనల్లో సొంతంగా దూకే విద్యార్థికి నేల మీద గాలి గంటకు 14 మైళ్లు దాటకూడదు. అంటే ఇంచుమించు 22 కిలోమీటర్లు. మరి లైసెన్సు వచ్చినవాడికి ఎంత? హద్దు లేదు. నీ ఇష్టం అన్నారు. పాతిక జంపులకు మొదటి లైసెన్సు వస్తుంది. ఆ రోజు దాకా గాలి గురించి ఆలోచించే బాధ్యత ఇన్‌స్ట్రక్టర్‌ది, ఆ మర్నాటి నుంచి నీది. పాతిక జంపులకు మనిషికి ఏం తెలుస్తుంది చెప్పండి? పక్కవాడి మొహం చూస్తాడు. పక్కవాడు నవ్వుతున్నాడా, లేస్తున్నాడా, కూర్చున్నాడా, అదే వాడికి గాలి కొలిచే పరికరం.

ఆ కుర్రాడూ అదే చేశాడు. కొన్నాళ్లకు మళ్లీ గాలి సాయంత్రం. అక్క లేరు, నేనూ లేను. ఆ లోడులో ఉన్నవాళ్లు తర్వాత నాకు చెప్పారు, తలుపు దగ్గర వాడు కిందికి చూడలేదట, వెనక్కి తిరిగి అందరి మొహాలూ చూశాడట. దూకాడు. పారాచూట్ చక్కగా తెరుచుకుంది. నేల దగ్గరికొచ్చేసరికి గాలి వెనక నుంచి తోస్తోంది. అలాగే దిగి దొర్లితే చొక్కా చిరిగేది, మోచేతులు గీసుకుపోయేవి. గాలికి ఎదురు తిరుగుదామని ఒక పక్క తాడు గట్టిగా లాగాడు. పారాచూట్ ఒక పక్కకు వాలి వాణ్ణి నేలకేసి కొట్టింది, తొడ ఎముక విరిగింది.

ఆసుపత్రికి అందరం వెళ్లాం. మంచం చుట్టూ చోటు లేదు. డబ్బు పోగుచేశారు, రాత్రిళ్లు వంతులేసుకుని పడుకున్నారు, వాళ్లమ్మగారిని రోజూ తీసుకొచ్చి దింపారు. "తోడెళ్లారా" అన్న పెద్దమనిషి అందరికంటే ఎక్కువ చేశాడు. చెడ్డవాడు కాదండీ. మనలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. మరి ఇంత ప్రేమా విమానం తలుపు దగ్గర ఎక్కడికి పోయింది?

వెనక వరసలో కుర్రాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. ఒక్క అయిదు నిమిషాలు పక్కన పెట్టండి నాయనా, ఇది మీకే.

సలహాలకు మన దగ్గర కరువు లేదు. కొత్తవాడు ల్యాండింగ్‌లో తూలి పడ్డాడంటే చాలు, పదిమంది చేరతారు. దిగేముందు తాళ్లు లాగి వేగం తగ్గించే ఫ్లేర్ గురించి ఒకరు "ముందే చేశావ్" అంటారు, ఇంకొకరు "ఆలస్యంగా చేశావ్" అంటారు, ముచ్చటగా మూడో ఆయన "నా పాత పారాచూట్ ఉంది, కొనుక్కో" అంటాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. గట్టిగా చెప్పేవాడికి వంద జంపులుంటాయి. వేల జంపులున్న మనిషి చూస్తే అటు మూల పారాచూట్ మడత పెట్టుకుంటూ ఉంటుంది, అడిగితే తప్ప చెప్పదు. కాబట్టి అడగండి. అడగందే అమ్మైనా పెట్టదు. కానీ మీ ల్యాండింగులు నాలుగైదైనా కళ్లారా చూసినవాళ్లనే అడగండి. మీ బరువెంతో, ఏ సైజు పారాచూట్ మీద ఎగురుతున్నారో, మీరు కంగారుపడితే ఏం చేస్తారో తెలియని మనిషి ఎంత గొప్పవాడైనా సరే, ఆయన సలహా మీ కొలతలకు కుట్టింది కాదు.

పెద్దవాళ్లకు ఒక మాట. చెప్పాల్సి వస్తే నలుగురిలో చెప్పకండి. పక్కకు పిలిచి, రిగ్ తొడుక్కోకముందే చెప్పండి. తొడుక్కుని లైన్లో నిలబడ్డాక ఎవడూ వినడు. "జాగ్రత్త" అని ఊరుకోకండి, ఆ మాట గాలిలో కలిసిపోతుంది. "నిన్న మూడు ల్యాండింగులూ తక్కువ ఎత్తులో తిప్పావు, నేను చూశాను, ఇవాళ నువ్వు దూకొద్దు" అనండి. కోపం తెచ్చుకుంటాడు. నాలుగు రోజులు మాట్లాడడు. మాట్లాడకపోనివ్వండి. నాలుగు రోజులు అలగడానికైనా కాళ్లుండాలి కదా!

టైమైపోయిందని చీటీ వచ్చింది. ఒక్క విషయం చెప్పి దిగిపోతాను, అసలు నేనొచ్చింది దానికే. దూకకుండా దిగొచ్చినవాళ్లకు షీల్డు ఇమ్మని అడగను. ఇస్తే దానికోసం కూడా ఎక్కి కూర్చునేవాళ్లున్నారు మనలో, నాకు తెలుసు. నేనడిగేది టికెట్. మన దగ్గర విమానంలో దిగొచ్చిన జంపర్‌కు ఆ లోడు డబ్బు పోయినట్టే. ఇంధనం కాలింది కదా అంటారు. నిజమే, కాలింది. కానీ తలుపు దగ్గర నిలబడ్డ పాతిక జంపుల కుర్రాడి తలలో రెండు లెక్కలు తిరుగుతుంటాయి. ఒకటి కింద వినబడే నవ్వు, రెండు పోయే డబ్బు. నవ్వు సంగతి మనం చూసుకుంటాం. డబ్బు సంగతి డ్రాప్‌జోన్ చూడాలి. గాలి బాగోలేదని దిగొచ్చినవాడి టికెట్ మర్నాటి లోడుకు చెల్లేట్టు చేయండి. ఏడాదికి ఎన్ని టికెట్లవుతాయో పైలట్లను అడగండి, వాళ్లకు గుర్తుంటుంది. వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

యజమానిగారు మొదటి వరసలోనే ఉన్నారు, ఇందాకట్నుంచీ కప్పు కేసి చూస్తున్నారు. షీల్డులు ఇచ్చేశాక మైకు ఆయనకివ్వండి. నాకు జవాబు చాటుగా చెప్పడం కాదు, ఇంతమందీ ఉండగానే చెప్పాలి.