ఈ వానలకు పెరట్లో నాచును రానిద్దాం

జయపురం, సునాబేడ, సెమిలిగుడ నుంచి వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు నమస్కారం.

వానలు పడగానే మన కొరాపుట్ ఇళ్ళలో ప్రహరీ మీద, బావి గట్టు చుట్టూ వచ్చిన పచ్చటి నాచును గీకేసి బ్లీచింగ్ పౌడర్ చల్లుతాం. నడిచే మెట్ల మీద జారే పాచిని కడగాల్సిందే, పెద్దవాళ్ళు పడిపోతారు. కానీ మామిడి చెట్టు మొదట్లో, గోడ నీడలో మెత్తగా పరుచుకునే నాచు జోలికి పోవద్దని అడగడానికే వచ్చాను. అక్కడ గడ్డి వేస్తాం, ఎండ తగలక చస్తుంది, మళ్ళీ వేస్తాం. ఆ చోటు నాచుకు వదిలేయండి.

నాచుకు వేర్లు లేవు. అడుగున ఉండే నూలు పోగుల్లాంటివి పట్టు కోసమే. నీళ్ళూ పోషకాలూ చాలావరకు ఆకులే పీల్చుకుంటాయి. చాలా రకాల్లో ఆ ఆకు మందం ఒకే ఒక్క కణం! అందుకే పేడ ఎరువు, యూరియా ఏవీ అక్కర్లేదు. నేలను గుల్ల చేయకూడదు కూడా. కలుపు పీకి, రాలిన ఆకులు ఊడ్చి, కాలితో తొక్కి గట్టి చేసి తడపండి. మన ఎర్రనేలలకు సహజంగానే ఆమ్ల గుణం ఉంటుంది, చాలా రకాల నాచుకు అది సరిపోతుంది. సున్నం మాత్రం కలపకండి.

తర్వాత మీ పెరట్లోదో, పక్కింటివాళ్ళను అడిగి వాళ్ళ గోడ మీదిదో అట్లకాడతో పలచగా లేపి తెచ్చుకోండి. రాతి మీద పెరిగినదాన్ని రాతి మీదే, మట్టిలోదాన్ని మట్టిలోనే పెట్టాలి. అరచేత్తో గట్టిగా అదమండి, అడుగున సందు ఉంటే ఎండిపోతుంది. దేవమాలి కొండ మీద నుంచి మాత్రం దయచేసి పెళ్ళగించి తేవద్దు. అక్కడ రాళ్ళ మీద అది పరుచుకోవడానికి ఏళ్ళు పట్టింది.

నాచును మజ్జిగతో మిక్సీ వేసి గోడకు పూయమని వీడియోల్లో చెబుతున్నారు. చిన్న ముక్క నుంచి కూడా నాచు మళ్ళీ పెరగడం నిజమే. మజ్జిగ అనవసరమని నా అభిప్రాయం, దానికి బూజు పడుతుంది. మంచినీళ్ళు చాలు. ఉప్పదనం ఉన్న బోరు నీళ్ళకన్నా డ్రమ్ములో పట్టిన వాన నీళ్ళు మేలు.

జూన్ నడిమిలో మొదలుపెడితే తడిపే పని చాలావరకు వానలే చూసుకుంటాయి. తెరిపి ఇచ్చిన రోజుల్లో మీరు చిలకరించండి. చలికాలం పొద్దున్నే కురిసే మంచు కూడా దానికి నీళ్ళే. ఏప్రిల్‌లో గోధుమ రంగుకు తిరిగి కరకరలాడితే టెన్షన్ పడి పీకేయకండి. చాలా రకాలు అలా ఎండి ఆగిపోతాయి, తడి తగిలితే కాసేపట్లోనే పచ్చబడతాయి.

జపాన్‌లో క్యోటోలోని సైహోజి గుడి తోటలో సుమారు 120 రకాల నాచు ఉంది. ఆ తోటను వేసినవాళ్ళు నాచు కోసం వేయలేదు. తర్వాతి కాలంలో సంరక్షణ కరువైనప్పుడు, ఆ తేమకు తనంతట తనే పరుచుకుంది. ఇప్పుడు మనుషులు చేసే పనల్లా దాని మీద రాలిన ఆకులు ఊడ్చడం, కలుపు తీయడం. మన పెరట్లోనూ చేయాల్సింది అదే. ఆకులు కుప్పపడితే కింద నాచు కుళ్ళిపోతుంది.

బయట బల్ల మీద తడి గోనెలో కొన్ని ముక్కలు పెట్టాను. ఎడమవైపువి రాతివి, కుడివైపువి మట్టివి. మీ చోటుకు తగినది చూసి పట్టుకెళ్ళండి, సాయంత్రంలోపు అదిమేయండి.